ఈదురుగాలి కబురు

నాగార్జునసాగర్ ఎడమ కాలువ క్రింది గరిడేపల్లి ప్రాంతమున యాసంగి వరి కోతలు ముగియునప్పటికి ఎండ 40 డిగ్రీలు దాటును. సాయంకాలపు గాలిదుమారములును ఆ దినములలోనే. గంటకు 40 నుండి 50 కిలోమీటర్ల వేగముతో ఈదురుగాలులు వీచగలవని హైదరాబాదు వాతావరణ కేంద్రము ప్రకటించినప్పుడు, రైతు మొదట కల్లములోని ధాన్యముపై పట్టా కప్పవలెనని తలచును. అది సహజమే. కాని ఆ ప్రకటనలో వినిపించని మాట ఒకటి కలదు: నిప్పు.

కోతమిషను పోయిన పిమ్మట కొయ్యకాళ్ళకు నిప్పు పెట్టు అలవాటు మనకున్నదే. ఉదయము గట్టు దాటని మంట, మధ్యాహ్నము గాలి లేచినచో ప్రక్కవాని కోయని చేనికి, గడ్డివామికి ప్రాకును. ఏడాది పశుగ్రాసము గడియలో బూడిద యగును.

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రమున 2009 ఫిబ్రవరి 7న చెలరేగిన కార్చిచ్చులకు 173 మంది బలియైరి. ఆనాటి సాయంకాలము గాలి దిశ మారుటతో, అంతవరకు మంటకు ప్రక్కభాగమైనదంతయు ముందుభాగమై ఊళ్ళమీదికి మరలినది. మన పొలము చిన్నది. గాలి నైజము మాత్రము ఒక్కటే.

పసుపు హెచ్చరిక యనగా గమనించుచుండుడని, నారింజ యనగా సిద్ధపడుడని, ఎరుపు యనగా వెంటనే పూనుకొనుడని అర్థము. ఈదురుగాలికి పసుపు చెప్పిననాడే అగ్గిపెట్టె జేబులో నుండనిండు. అసలు కాల్చక దున్నుటయే మేలు. అది వేరొక ప్రసంగమునకు తగిన సంగతి. మంట లేచినచో 101కు ఫోను చేయుడు. శకటము వచ్చుటకు సమయము పట్టును గనుక, వాము చుట్టును నాలుగు సాళ్ళు ముందే దున్ని యుంచుడు.