ఎండను గోడ బయటనే ఆపుదము
(శతవత్సర మహాసభలో కట్టడముల కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠము)



నూరేళ్లు మనలను నడిపించిన దేవునికి స్తోత్రములు చెల్లించుచు, ఈ పూట ఒక చిన్న లౌకిక సంగతి మీ ముందు పెట్టుచున్నాము. అది మన సంఘపు హాళ్లలో ఎండ సంగతి. పాత గుడులకు గోడలు మందము, కప్పులు ఎత్తు. ఇప్పుడు కట్టుకొనుచున్న హాళ్లకు సన్నని గోడలు, పెద్ద అద్దాల కిటికీలు. మే నెలలో వి.బి.ఎస్. పిల్లలు, సాయంకాలము స్త్రీల మైత్రి కూడినప్పుడు, పడమటి అద్దములోనుండి దిగే ఎండకు పెద్దవారు సొమ్మసిల్లుట మనకు తెలిసినదే.

అందరికీ తోచే మందు ఏ.సి. యంత్రము. అది వద్దని మేము చెప్పము. దానికి ముందు ఎండను ఆపవలెనని మా మనవి. విధవరాలు కానుక పెట్టెలో వేసిన రూపాయి కరెంటు బిల్లుకు పోవునా, బీదపిల్లల చదువుకు పోవునా అనునది ఇందులో తేలవలసియున్నది.

వేసవి మధ్యాహ్నము పడమటి గోడమీద చదరపు మీటరుకు 500 వాట్లకు పైగా ఎండవేడి పడును. పది చదరపు మీటర్ల మామూలు అద్దమున్నచో, వెయ్యి వాట్ల హీటర్లు నాలుగు లోపల వెలిగించినట్లే. లోపల తెర వేసినను, వేడి అప్పటికే అద్దము దాటి వచ్చియుండును. తెర వేడెక్కి ఆ వేడిని గదికే ఇచ్చును. మన పెద్దలు చలువ పందిరిని ఇంటి ముందు వేసిరిగాని ఇంటిలోపల వేయలేదు.

చిల్లుల రేకు చేసే పని చలువ పందిరి పనియే. చిన్న చిన్న రంధ్రములు కొట్టిన అల్యూమినియపు రేకును కిటికీకి బయట, కొంత ఎడముగా బిగించెదరు. ఎండలో ఎక్కువ భాగము రేకుమీదనే ఆగును. రేకు వేడెక్కినను, వెనుక సందులో గాలి పైకి పోవుచు ఆ వేడిని తీసికొనిపోవును. రంధ్రములగుండా వెలుగు వచ్చును, కిటికీ తెరిస్తే గాలియు వచ్చును.

ఇది మనకు కొత్త విద్య కాదు. సీసెరా తల్లి అల్లిక కిటికీలోనుండి చూచినట్లు న్యాయాధిపతుల గ్రంథములో చదువుచున్నాము. హైదరాబాదులోని పైగా సమాధుల జాలీలు, 1799లో జయపురమున కట్టిన హవా మహలు కిటికీలు చూచినవారు మనలో ఉన్నారు. హైదరాబాదులో 2004లో అబ్దుల్ కలాం గారు ప్రారంభించిన గ్రీన్ బిజినెస్ సెంటరు భవనములోను జాలీ గోడలున్నవి. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున 2007లో తెరచిన 18 అంతస్తుల ప్రభుత్వ కార్యాలయమునకు ఆగ్నేయపు వైపున చిల్లుల స్టీలు రేకులే ఎండతెర.

అయితే రేకు బిగించినంతమాత్రమున మేలు కలుగదు. చిల్లులు మరీ తక్కువైతే గది చీకటియై పగలే లైట్లు వేయవలసివచ్చును; మరీ ఎక్కువైతే ఎండ ఆగదు. రేకు వైశాల్యములో మూడవ వంతు చిల్లులుండుట మన ఎండకు మంచి ఆరంభము. రంగు తెలుపైతే మేలు. సముద్ర తీరపు సంఘములు ఇనుప రేకు జోలికి పోరాదు, ఉప్పుగాలికి తుప్పు పట్టును. గాలివానకు చప్పుడు చేయకుండ అంచులు మడిచి గట్టిగా బిగించవలెను. పావురములు గూళ్లు పెట్టకుండ సందు పైన, క్రింద వల కొట్టించి, చీపురు పట్టునంత చోటు విడువవలెను. బయటకు పోవు దారిని ఎక్కడను మూయరాదు.

అన్ని గోడలకును ఇది అవసరము లేదు. దక్షిణపు ఎండ ఎత్తునుండి వచ్చును గనుక సన్‌షేడు చాలును. తూర్పు పడమరల ఎండ వాలుగా వచ్చును గనుక అక్కడనే రేకు కావలెను. ఒక అంతస్తు హాలుకైతే ముందుగా డాబాకు తెల్ల సున్నము వేయించుడి, ఖర్చు తక్కువ, ఫలము ఎక్కువ. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన మెదకు కెథెడ్రలులోని రంగుటద్దములవంటివి ఉన్నచోట మాత్రము ఈ రేకు తగదు. అవి పగటి వెలుగుతోనే మాటలాడును.

కడపటి మనవి. ఏ సంఘమును మా మాటమీదనే డబ్బు వెచ్చించవద్దు. ఒకే తీరుగా ఎండ తగిలే రెండు గదులలో ఒకదాని కిటికీకి మాత్రము రేకు పెట్టించి, రెండింటిలోను ఉష్ణమాపకములు వ్రేలాడదీయుడి. మే నెలంతయు మధ్యాహ్నము మూడు గంటలకు యువజనులచేత అంకెలు వ్రాయించుడి. ఆ పుస్తకమును పాస్టరేటు కమిటీ ముందు పెట్టి, ప్రార్థించి, తీర్మానము చేయుడి. అంకెలు అనుకూలముగా లేనియెడల ఆ డబ్బు మిగిలినట్లే. అనుకూలమైతే, వచ్చే వేసవిలో మన పెద్దలు ప్రార్థన ముగియువరకు కూర్చొనగలరు.

దేవుడు మిమ్మును దీవించును గాక.