ప్రయోగశాల ఉద్యోగములు - జీతముల వాస్తవము

(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



"మా పిల్ల బయోటెక్నాలజీ చదివినచో జీతమెంత వచ్చును?" అని గ్రామములలో తల్లిదండ్రులు నేడు తరచు అడుగుచున్నారు. ఎవరో చెప్పిన పెద్ద అంకెను నమ్మి, రుసుములకై పొలము తాకట్టు పెట్టువారును గలరు. వారు సలహాకై ముందుగా మీ యొద్దకే వత్తురు గావున, ఈ విషయమును మీకు విశదపరుపగోరుచున్నాము.

పాలను తోడుపెట్టి పెరుగు చేయుట మన యిండ్లలో నిత్యకృత్యము. కంటికి కానరాని సూక్ష్మజీవులే ఆ పని చేయుచున్నవి. అట్టి జీవకణములను శుద్ధమైన పాత్రలలో పెంచి టీకాలను, మందులను తయారుచేయుట ఈ పరిశ్రమలోని ముఖ్యమైన పని. హైదరాబాదుకు చెందిన శాంతా బయోటెక్నిక్స్ సంస్థ 1997లో హెపటైటిస్-బి టీకాను వెలువరించినది. 1999లో శామీర్‌పేట ప్రాంతమున జీనోమ్ వ్యాలీ వెలసినది. పాత్రలను ఆవిరితో శుద్ధిచేయుట, పోషకద్రవములను కలుపుట, ప్రతి కొలతను పుస్తకమున వ్రాయుట టెక్నీషియను విధులు. ఏమరుపాటున మలినము చేరెనా, సరుకంతయు పారబోయవలసినదే.

ఇక జీతముల సంగతి. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. వంటి కేంద్ర పరిశోధనాలయములలో చదువును, అనుభవమును బట్టి మెట్టు నిర్ణయమగును. 2016 జనవరి 1 నుండి వర్తించిన ఏడవ వేతన సంఘపు పట్టికలో టెక్నీషియను ప్రారంభ మూలవేతనము నెలకు 19,900 రూపాయలు. పదవ తరగతితోపాటు ఐ.టి.ఐ. ముగించినవారు ఈ మెట్టుకు అర్హులు. టెక్నికల్ అసిస్టెంటు మూలవేతనము 35,400 రూపాయలు. దీనికి ప్రథమశ్రేణిలో బి.ఎస్సీ. గాని డిప్లొమా గాని, దానికితోడు కొంత అనుభవము గాని శిక్షణ గాని కావలెను. తేడా నెలకు 15,500 రూపాయలు! కరవుభత్యము, ఇంటి అద్దె భత్యము అదనము. అయితే ఈ ఉద్యోగములు కొద్ది. ప్రకటన, పరీక్ష ద్వారానే లభించును.

ప్రైవేటు కంపెనీలలో అందరికి వర్తించు ఒకే పట్టిక లేదు. కావున ఈ ప్రశ్నలు వేయవలెనని తల్లిదండ్రులకు చెప్పుడు:

1. నియామకపత్రము నిచ్చునది కంపెనీయా, కంట్రాక్టరా?

2. చెప్పిన అంకె ఏడాది మొత్తమా, నెలకు చేతికి వచ్చునదియా? ఏటికి 2,40,000 అన్నంతమాత్రమున నెలకు 20,000 చేతికి రావు. యజమాని చెల్లించు ప్రావిడెంటు ఫండు వంతును గూడ అందు కలిపి చెప్పుట కలదు. ఉద్యోగి వంతు వేరుగా కోతపడును.

3. ప్రావిడెంటు ఫండు, ఇ.ఎస్.ఐ. సదుపాయములు గలవా?

4. రాత్రి వంతు పనియున్నచో, ముఖ్యముగా ఆడపిల్లలకు, వాహన సౌకర్యము గలదా?

హాస్టలు ఖర్చు పోగా మిగులునదే కుటుంబమునకు ఆదాయము. చదువు రుసుమును దానితో సరిపోల్చి చూచుకొనిన పిమ్మటనే అప్పు మాట తలపెట్టవలెను.

ఉద్యోగమిప్పింతునని సొమ్మడుగువానిని ఊరి పొలిమేర దాటి రానీయకుడు. ఈ విషయములను రాబోవు గ్రామసభలో చదివి వినిపింపుడు. ఒక్క కుటుంబపు పొలమైనను తాకట్టు పడకుండ నిలిచినచో మీ శ్రమ సార్థకమగును.