ముప్పై చదరపు కిలోమీటర్ల యానాం



ఈ ఉపన్యాసం ఏ మాస్టారి స్మృతికోసం ఏర్పాటైందో ఆయన మన గోదావరి జిల్లాల బళ్లలో జీవితమంతా భూగోళం చెప్పారు. ముందు మీ ఊరి పటం గీయండి, దేశం పటం తర్వాత గీద్దురుగాని అనేవారట పిల్లలతో. ఆ మాట మీద గౌరవంతో ఇవాళ డెల్టాలోని ఒక చిన్న మునిసిపాలిటీ గురించి మాట్లాడతాను. ఆ ఊరు యానాం. వైశాల్యం 30 చదరపు కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం 55,626 మంది.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. యానాం ఎల్లలను దూరాన కూర్చున్నవాళ్లు గీశారు. యానాం బతుకును మాత్రం గోదావరి నడుపుతోంది. ఏటితో రోజూ తేల్చుకోవలసిన ఊరికి, తన మంచిచెడ్డలు తానే చూసుకునే ఎన్నికైన సభ ఉండితీరాలి.

ఏరు

ధవళేశ్వరం దిగువన గోదావరి రెండు పెద్ద పాయలవుతుంది. పడమట వశిష్ఠ, తూర్పున గౌతమి. గౌతమి కోటిపల్లి దాటి వచ్చి యానాం దగ్గర ఎడమవైపుకు మరో పాయను వదులుతుంది. సప్తగోదావరుల్లో దాని పేరు ఆత్రేయ, వాడుకలో కోరంగి ఏరు. అది మడ అడవుల గుండా సాగి కాకినాడ తీరాన సముద్రంలో పడుతుంది. సరిగ్గా ఆ చీలిక దగ్గర వెలిసిన ఊరు యానాం. ఎగువ నుంచి నేతబట్టలు పడవల మీద దిగాలన్నా, కోరంగి రేవులో ఓడ ఎక్కాలన్నా ఈ మలుపు మీదుగానే రావాలి. వర్తకులకు ఈ చోటు నచ్చడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

ఇచ్చిన చేత్తోనే తీసుకుంటుంది ఏరు. 1839 నవంబరు తుపానులో వచ్చిన ఉప్పెన కోరంగి రేవును ఊడ్చేసింది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల వరద పోయింది. 1996 నవంబరు 6 తుపాను ఈ తీరంలో వందల ఇళ్లల్లో దీపం ఆర్పింది. 2022 జూలైలో మళ్లీ 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరద యానాం వీధుల్లోకి వచ్చింది. ధవళేశ్వరంలో నీటిమట్టం 17.75 అడుగులకు చేరితే మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు. ఆ అంకె వినగానే లంకల్లో పశువులను గట్టెక్కిస్తారు, సామాను అటక మీదికి చేరుస్తారు. వరద వచ్చిన రోజు అమావాస్యో పౌర్ణమో అయితే పెద్ద పోటుకు సముద్రం నీళ్లు తీసుకోదు. వచ్చిన నీళ్లు ఊళ్లోకి ఎగదన్నుతాయి. వరద ఎంత అన్నదానితోపాటు తిథి ఏమిటి అని కూడా చూసుకునే ఊళ్లు ఇవి.

వేసవిలో కథ తిరగబడుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి దిగువకు నీళ్లు రావు. పోటుతో ఉప్పునీరు గౌతమిలో పైకి ఎక్కుతుంది. కళ్లముందు అంత ఏరుండి తాగేనీళ్లకు ఎగువ కాలువల వైపు చూడాలి. ఆ కాలువలు పక్క రాష్ట్రంవి.

గీత

ఫ్రెంచివారు 1723లో ఇక్కడ స్థావరం పెట్టారు. వ్యాపారం సాగక 1727లో వదిలేసి, 1731లో మళ్లీ వచ్చారు. ఐరోపాలో రెండు రాజ్యాలు పోరాడినప్పుడల్లా ఇక్కడ జెండా మారేది. నెపోలియన్ యుద్ధాలు ముగిశాక ఇంగ్లీషువారు ఊరిని తిరిగి ఫ్రెంచివారికి అప్పగించారు. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే, 1820ల చివర్లో, ఇక్కడి నుంచి తెలుగు కూలీలు ఓడలెక్కి రీయూనియన్ దీవి చెరకు తోటలకు వెళ్లారు. యానాం చరిత్ర రాసేటప్పుడు దొరల బంగళాలతో పాటు ఆ కూలీల పేజీ కూడా ఉండాలి.

విమోచన కూడా ఇరుగుపొరుగు కలిసి సాధించుకున్నదే. ఇక్కడి ఫరంపేటలో 1908లో పుట్టిన దడాల రఫేల్ రమణయ్య నాయకత్వాన, కాకినాడ వైపు నుంచి కదిలిన కార్యకర్తలు 1954 జూన్ 13న యానాంలో ఫ్రెంచి పాలనకు తెరదించారు. చట్టరీత్యా విలీనం 1962 ఆగస్టు 16న పూర్తయింది. పాత ఫ్రెంచి ఎల్ల అలాగే మిగిలి, ఊరు పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగమైంది. రాజధాని ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరం. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రలో కొత్త జిల్లాలు వచ్చాక ఒకపక్క కాకినాడ జిల్లా, మరోపక్క కోనసీమ జిల్లా.

ఈ ఊరివారి చిరునామాలో పిన్‌కోడు 533తో మొదలవుతుంది, మన తూర్పుగోదావరిదే. టెలిఫోను కోడు కాకినాడది. బండి నంబరు మాత్రం పుదుచ్చేరిది. ఒక మనిషి రోజులో ఎన్నిసార్లు రాష్ట్రం దాటుతాడో అతనికే లెక్క ఉండదు. కూతురిని తాళ్లరేవులో ఇస్తారు, కోడలిని ఎదుర్లంక నుంచి తెచ్చుకుంటారు. ఒకప్పుడు ఎదుర్లంక వెళ్లాలంటే పంటు కోసం రేవులో కాచుకోవాలి. ఇప్పుడు బాలయోగి పేరిట వారధి ఉంది, అటూఇటూ ఒకే ఊరిలా కలిసిపోయింది.

పేటలు

యానాం అంటే ఒక్క పట్నం కాదు. మెట్టకూరు, కనకాలపేట, కురసాంపేట, ఫరంపేట, దరియాలతిప్ప, ఇలా పేటల కూర్పు. ఏటికి దగ్గరున్న పేటలది వేట బతుకు. వరదనీరు ఎర్రబడగానే పులస కోసం వలలు దిగుతాయి. తెల్లారేసరికి రేవులో వేలంపాట. బుట్ట నెత్తిన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి అమ్మేది ఆడవాళ్లే. మగవాడు ఏటిలో తెచ్చినదాన్ని రూపాయిగా మార్చి ఇల్లు నడిపే ఆ తల్లుల లెక్క ఏ రిజిస్టరులోనూ సరిగ్గా పడదు.

మీసాల వెంకన్న కొలువైన గుడి, 1846లో కట్టడం పూర్తయిన సెయింట్ ఆన్ చర్చి, మసీదు, అన్నీ నడిచిపోయే దూరంలోనే ఉంటాయి. మంగళవారం సంతకు చుట్టుపక్కల ఊళ్లన్నీ వస్తాయి. 2001లో 31,362గా ఉన్న జనాభా పదేళ్లలో 77 శాతం పెరిగింది. చదరపు కిలోమీటరుకు 1,850 మంది. ఏటికీ గట్టుకూ మధ్య ఉన్న నేల మాత్రం అంతే ఉంది. మురుగు ఎటు పోవాలి, గట్టు ఎక్కడ ఎత్తు చేయాలి, చెరువు ఎవరు పూడికతీయాలి అన్నవి ఇక్కడ ప్రాణాలతో ముడిపడిన ప్రశ్నలు.

గీత తెచ్చిన ఆదాయం

ఈ ఊరికి ఎల్ల వల్ల వచ్చిన రాబడులను వరసగా చూడండి. ఇంగ్లీషు ఏలుబడిలోని ప్రాంతాల్లో బాల్యవివాహాలను నిషేధించే శారదా చట్టం 1930లో అమల్లోకి రాగానే, పసిపిల్లల పెళ్లిళ్లకు జనం బండ్లు కట్టుకుని యానాం వచ్చారు. ఊరికి బేరం పెరిగింది, ఆడపిల్లల బాల్యం పోయింది. సుంకం లేని విదేశీ సరుకు కోసం సంతకు జనం ఎగబడిన రోజులున్నాయి. తర్వాతి కాలంలో చవక పెట్రోలుకు, చవక మద్యానికి వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. ఉద్యోగాలిచ్చిన పింగాణీ పలకల కర్మాగారం 2012 జనవరిలో జరిగిన హింస తర్వాత ఏళ్లపాటు మూతపడితే వేలమంది రోడ్డునపడ్డారు.

వీటన్నిటిదీ ఒకే లక్షణం. ఎక్కడో పన్ను మారితే, ఎక్కడో చట్టం మారితే ఆగిపోయేవే. ఎల్ల వల్ల వచ్చేది ఎల్ల మీదే ఆగుతుంది. వరద, ఉప్పునీరు, చేప, మడ అడవి, ఇవే ఊరికి శాశ్వతమైన ఆస్తిపాస్తులు, అప్పులు కూడా. వాటిని చూసుకోవడానికి ఊరికి సొంత యంత్రాంగం కావాలి.

ఊరి సభ

పరాయి పాలకులైన ఫ్రెంచివారు సైతం 1880లో తమ భారతీయ స్థావరాల్లో కమ్యూన్లు ఏర్పరిచారు. యానాంకూ మేయరు ఉండేవాడు. స్వతంత్ర భారతంలో 74వ రాజ్యాంగ సవరణ ప్రతి పురపాలక సంఘానికీ అయిదేళ్లకోసారి ఎన్నికలు జరిగి తీరాలంది. పుదుచ్చేరి ప్రాంతంలో 1968 తర్వాత స్థానిక ఎన్నికలు జరిగింది ఒక్కసారి, 2006లో, అదీ 38 ఏళ్లకు. ఆ పాలకవర్గాల గడువు తీరాక అధికారులదే పెత్తనం.

ఫిలిప్పీన్స్‌ను చూడండి. అదీ తుపానుల దేశమే, అదీ ఐరోపావారు ఏలిన నేలే. అక్కడ చిన్న మునిసిపాలిటీకి సైతం ఎన్నికైన మేయరు, కింద మన పేటల్లాంటి ప్రతి బరంగాయ్‌కీ ఎన్నికైన పెద్ద ఉంటాడు. 1991 నాటి స్థానిక పాలన చట్టం వారికి బాధ్యతలూ నిధుల్లో వాటా ఇచ్చింది. తుపాను హెచ్చరిక రాగానే ఏ ఇంట్లో ముసలివాళ్లున్నారో, ఏ ఇంట్లో బాలింత ఉందో ఆ పెద్దకు తెలిసి ఉంటుంది. దరియాలతిప్పకు అటువంటి మనిషి ఎవరు? అతన్ని ఎన్నుకునే హక్కు ఆ పేటకు ఎందుకు లేదు?

శాసనసభలో ఒక సభ్యుడున్నాడుగా, ప్రాంతీయ పరిపాలనాధికారి ఉన్నాడుగా అంటారు. ఉన్నారు, అవసరం కూడా. కానీ శాసనసభ్యుడు రాజధానిలో మాట్లాడవలసిన మనిషి, అధికారి బదిలీ మీద వెళ్లిపోయే మనిషి. వార్డు సభ్యుడు మాత్రం కాలువ పూడిన మర్నాడు అదే వీధిలో నడవాలి, అదే టీ కొట్టులో జవాబు చెప్పాలి.

మనం యానాంకు పాఠం చెప్పే స్థితిలో లేము. ఈ సభ జరుగుతున్న రాజమహేంద్రవరంలోనూ 2021 మునిసిపల్ ఎన్నికలు జరగలేదు. కనుక నేను కోరేది ఉభయులకూ వర్తిస్తుంది. ఎన్నికలు గడువుకు జరగాలి. వరద, తాగునీటి విషయాల్లో యానాం సభ, తాళ్లరేవు, ఐ.పోలవరం మండలాలు ఏటా వేసవిలోనే ఒకచోట కూర్చుని ఏర్పాట్లు చూసుకోవాలి. ప్రతి పేట బడిలో పిల్లలు తమ పేట పటం గీసి, పల్లం ఎక్కడో, మెరక ఎక్కడో గుర్తించాలి. మాస్టారి పేర ఈ సంఘం ఆ పటాల పనిని వచ్చే ఏడాదే మొదలుపెట్టాలని నా ప్రార్థన. ఆ పటాలు చేతబట్టుకుని ఓటు అడిగేవారిని ప్రశ్నించే ఓటర్లు తయారైతే, ఎన్నికలు వాయిదా వేయడం ఏ ప్రభుత్వానికీ సులువు కాదు.