ఒట్టు వేసినవాడు మళ్ళీ ఎందుకు తాగుతాడు?



హిందూపురం మార్కెట్టులో చింతపండు బస్తాల పక్కగా నడిచి చూడండి. తునక నోట్లో వేసుకోకుండానే నీళ్ళూరతాయి. ఊరమని మనం చెప్పామా? లేదు. పులుపు ఎరిగిన నోరు వాసనకే సిద్ధమైపోయింది.

రష్యా శాస్త్రవేత్త పావ్‌లోవ్ కుక్కల మీద చూపించింది ఇదే. తిండికి ముందు ప్రతిసారీ ఒక చప్పుడు వినిపించేవాడు. కొన్నాళ్ళకు తిండి లేకపోయినా, ఆ చప్పుడుకే వాటికి చొంగ కారేది.

మత్తు సంగతీ అంతే. తాగిన చోటు, వేళ, తోడున్న స్నేహితుడు, చేతిలో పడ్డ డబ్బు, అన్నీ ఆ చప్పుడులాంటివే. 1940లలో అమెరికాలోని లెక్సింగ్టన్ ఆసుపత్రిలో డాక్టర్ విక్లర్ ఒక వింత గమనించాడు. మార్ఫిన్ వంటివి మాని నెలలు గడిచినవారు, నలుగురూ కూర్చుని వాటి మాట ఎత్తుకోగానే ఆవులించేవారట. అప్పుడే మానినట్టు కళ్ళూ ముక్కూ కారేవట!

మన నేతగాడొకరు బెంగుళూరులో చికిత్స చేయించుకుని రైలెక్కాడనుకోండి. హిందూపురం దాటేదాకా మనసు నిమ్మళం. పెనుకొండ కొండ కనబడగానే ఏదో గుబులు. ధర్మవరంలో దిగి, పాత దుకాణం మలుపు చూడగానే నోరు పిడచకట్టుకుపోతుంది. “బిడ్డ తలమీద ఒట్టేశాడమ్మా, వారం తిరగలేదు!” అని ఇల్లాలు ఏడుస్తుంది. ఆ ఒట్టు అబద్ధం కాదు తల్లీ. ఒట్టు వేసింది ఆసుపత్రిలో, పరీక్ష ఎదురైంది ఆ మలుపులో.

అలాగని ఊరుకోమని కాదు. ఆయన విషయంలో ఆ చప్పుడు ఏదో ఇద్దరూ కూర్చుని కనిపెట్టండి. చీర అప్పజెప్పి కూలి తెచ్చే సాయంత్రమా? అయితే ఆ పూట ఇంట్లోవారొకరు వెంట వెళ్ళండి, వేరే దారిన రండి, రాగానే కడుపునిండా పెట్టండి. కోరిక అలలాంటిది, కాసేపు ఆగితే దిగిపోతుంది. మందు లేని సాయంకాలాలు గడిచేకొద్దీ పలచబడుతుంది. పూర్తిగా చెరిగిపోదు, ఏడాది తర్వాత ఏ పెళ్ళి విందులోనో మళ్ళీ తల ఎత్తవచ్చు. అప్పుడు “ఇంతే నీ బతుకు” అనకండి. మళ్ళీ డాక్టరు దగ్గరికి తీసుకుపోండి.

ఒక్క హెచ్చరిక. రోజూ బాగా తాగేవారి చేత ఇంట్లో ఉన్నట్టుండి మాన్పించకండి, ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. వైద్యుల చేతనే మాన్పించాలి. ఎవరిని అడగాలో తోచకపోతే, 14446కు ఫోను చేయండి, డబ్బు ఖర్చు కాదు.