నవ్వకుండా చదవగలరా?

మా మిత్రబృందానికి నెలకొక ఆదివారం సాయంత్రం ఒక వింత కాలక్షేపం ఉన్నది. దానికి కావలసిన సామగ్రి స్వల్పం: ఒక పాత పుస్తకం, ఒక గడియారం, ఒక కూజా మంచినీళ్ళు. పుస్తకం చేతికందినవారు దానిని బిగ్గరగా, అచ్చులో ఉన్నది ఉన్నట్లుగా, తప్పులు దిద్దకుండా, సొంత చమత్కారమేదీ చేర్చకుండా చదవాలి. పెదవి కొస కదిలినా సరే, పుస్తకాన్ని పక్కవారికి అప్పగించవలసిందే. అందరికంటే ఎక్కువసేపు గంభీరంగా నిలిచినవారికి ఆ పూట రెండవ కప్పు కాఫీ లభిస్తుంది. సభ్యులము ఐదుగురము. ఒకరు న్యాయవాది, ఒకరు కళాశాలలో తెలుగు ఉపన్యాసకులు, ఒకరు దంతవైద్యులు, ఒకరు బ్యాంకు ఉద్యోగి, ఐదవవారము మేము. మైకు ముందు కూర్చుని జీతం పుచ్చుకునేవారము కనుక ఈ పందెంలో ఎప్పుడూ మేమే గెలుస్తామని మొదట అందరూ భయపడ్డారు. ఒక్కసారి తప్ప ఆ రెండవ కప్పు మాకు దక్కలేదు. ఆ ఒక్కసారి సంగతి తరువాత మనవి చేస్తాము.

ఈమధ్య చదివినది విజయవాడ లెనిన్ సెంటరులో పాతపుస్తకాల దుకాణంలో దొరికిన ఒక అపరాధ పరిశోధక నవల. అట్ట లేదు, మొదటి 12 పుటలు లేవు. కనుక గ్రంథకర్త ఎవరో తెలియదు. తెలియకపోవడం మా మనస్సాక్షికి కొంత వెసులుబాటు. అందులో పరిశోధకుడు మే నెల మిట్టమధ్యాహ్నం బెజవాడ వీధులలో ఉన్నికోటు, చేతితొడుగులు ధరించి సంచరిస్తాడు. చెమట మాత్రం హంతకుడికి పడుతుంది. నాలుగవ ప్రకరణంలో తుపాకిగుండుకు బలియైన వంటమనిషి తొమ్మిదవ ప్రకరణంలో అందరికీ ఉప్మా వడ్డిస్తాడు. అతనిని చూచి ఎవరూ ఆశ్చర్యపడరు. ఉప్మాలో ఉప్పు తగ్గినదని మాత్రం అంటారు. శవం పళ్ళు పటపట కొరికినదన్న చోట దంతవైద్యులు వృత్తిధర్మం కొద్దీ అభ్యంతరం చెప్పబోయి, నవ్వి, పుస్తకం పోగొట్టుకున్నారు. ఉపన్యాసకులు 11 నిమిషాలు నిలిచారు. కథానాయిక కన్నీటిబొట్టు ఒకటి చెక్కిలి మీదికి, రెండవది గతంలోకి జారినదన్న వాక్యం దగ్గర ఆయన కూడా కూలిపోయారు.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. పాత పరిశోధక నవలలన్నీ ఇటువంటివే అనుకోరాదు. ఒకసారి కొమ్మూరి సాంబశివరావుగారి నవల ఒకటి ఈ ఆటకు పెట్టి భంగపడ్డాము. డిటెక్టివ్ యుగంధర్, అతని సహాయకుడు రాజు రంగంలోకి దిగి నాలుగు పుటలు తిరిగేసరికి అందరము ఆట మరచి, తరువాత ఏమైనదని అడగడం మొదలుపెట్టాము. వేయి నవలలు వ్రాసినవారని ప్రసిద్ధి పొందిన కొవ్వలి లక్ష్మీనరసింహారావుగారి పుస్తకాలను రైల్వేస్టేషనులో కొని, దిగవలసిన ఊరు వచ్చేలోగా ముగించిన తరం ఒకటి ఉండేది. ఎందరికో చదివే అలవాటు అక్కడే అబ్బినది. మా ఆటకు పనికివచ్చే పుస్తకం వేరు. అది ఊరకే చెడ్డది అయితే చాలదు. అపారమైన ఉత్సాహంతో చెడ్డది కావాలి.

అటువంటి పుస్తకం కూడా కంటితో చదువుకుంటే అంతగా నవ్వు పుట్టించదు. కన్ను మొహమాటం గలది. తప్పు ఎదురైతే పక్కకు తప్పుకుని సాగిపోతుంది. నాలుకకు ఆ సదుపాయం లేదు. ప్రతి సమాసాన్నీ మోయాలి, ప్రతి కామా దగ్గరా ఆగాలి. కర్త ఒక పేరాలోను, క్రియ మరొక పేరాలోను ఉన్న వాక్యాన్ని ఊపిరి బిగబట్టి దాటిన అనుభవం మా వృత్తిలో అందరికీ ఉన్నదే. స్టూడియోలో ఎర్రదీపం వెలుగుతున్నంతసేపు నవ్వు రాదు. వచ్చినా దానిని దగ్గుగా మార్చే విద్య అలవడుతుంది. ఎర్రదీపం లేని ఇంటిగదిలో ఆ విద్య ఎందుకో పనిచేయడం లేదు. మన ఇళ్ళలో మధ్యాహ్న భోజనాలైన తరువాత చదువు వచ్చిన పిల్ల ఒకతె వారపత్రికలోని సీరియలు బిగ్గరగా చదవడం, అమ్మమ్మలు, అత్తయ్యలు బియ్యంలో రాళ్ళు ఏరుతూ వినడం మా చిన్ననాటి వరకు ఉండేది. అసంభవమైన సంఘటన వచ్చినప్పుడు, చేట మీద నుండి తల ఎత్తకుండానే, వారు వేసే ఒక్క విసురుకు రచయిత మూడు వారాల శ్రమ కూలిపోయేది.

ఈ పందెం మేము కనిపెట్టినది కాదు. 1930, 1940 దశాబ్దాలలో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డులో ఇంక్లింగ్స్ అనే మిత్రమండలి ఉండేది. సి. ఎస్. లూయిస్, జె. ఆర్. ఆర్. టోల్కీన్ అందులోనివారు. గురువారం రాత్రులలో మాగ్డలెన్ కళాశాలలోని లూయిస్ గదులలో చేరి తమ వ్రాతప్రతులను ఒకరికొకరు వినిపించుకునేవారు. ఆ పేరు అలా వ్రాసి మాడ్లిన్ అని పలుకుతారు. ఇది తెలియని రేడియోవారు చివాట్లు తింటారు. 1954, 1955 సంవత్సరాలలో అచ్చయిన టోల్కీన్ మహానవల 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' అంతకు ఎన్నో ఏళ్ళ ముందే ఆ మిత్రుల చెవిన పడినది. ఆ మిత్రులే వినోదానికి అమాండా మకిట్రిక్ రాస్ అనే ఆమె నవలలు చేతబట్టి, నవ్వకుండా ఎవరు ఎక్కువసేపు చదువుతారో చూచుకునేవారు.

ఈ అమాండా గారిని గురించి నాలుగు మాటలు చెప్పక తప్పదు. 1860లో ఉత్తర ఐర్లండు ప్రాంతంలో జన్మించినది. లార్న్ అనే రేవుపట్టణంలో ఉపాధ్యాయిని. భర్త అక్కడి రైల్వే స్టేషను మాస్టరు. పెళ్ళి అయిన పదవ వార్షికోత్సవానికి ఆ మహానుభావుడు భార్యకు నగ చేయించలేదు. 1897లో ఆమె తొలి నవల 'ఐరీన్ ఇడ్స్‌లీ'ని తన ఖర్చుతో అచ్చు వేయించాడు. మరుసటి సంవత్సరం బారీ పెయిన్ అనే హాస్యరచయిత దానిని ఎగతాళి చేస్తూ ఒక సమీక్ష వ్రాశాడు. ఆమె కుంగిపోలేదు. తరువాతి నవలకు పీఠికగా అతనికి సుదీర్ఘమైన చీవాట్ల మాల గుచ్చి వేసినది. ఒకే అక్షరంతో మొదలయ్యే మాటలను వరుసగా పేర్చడం ఆమెకు ప్రాణం. కళ్ళను కళ్ళనడం, చెమటను చెమట అనడం ఆమెకు చిన్నతనం. చివరి నవలలో పాత్రలకు పళ్ళ పేర్లు పెట్టినది. ఒక ప్రభువు పేరు రాస్‌బెర్రీ, మరొకరు పీటర్ ప్లమ్. వెయ్యేళ్ళ తరువాత కూడా లోకం తనను చెప్పుకుంటుందని ఆమె నమ్మకం. 1939లో ఆమె మరణించింది. ఆమె పేరును లండను నుండి ఇంత దూరాన మేము ఈనాడు పలుకుతున్నామంటే, ఆ నమ్మకాన్ని బొత్తిగా తీసిపారవేయలేము.

అందరి చర్మమూ అమాండా చర్మం కాదు. అమెరికాలో ఒకప్పుడు ముతక కలపగుజ్జు కాగితం మీద అచ్చయ్యే చవక కథాపత్రికలు కోకొల్లలు. 1932లో రాబర్ట్ ఇ. హోవర్డ్ అటువంటి 'విర్డ్ టేల్స్' పత్రికలో కోనన్ అనే ఖడ్గధారి అనాగరిక వీరుణ్ణి ప్రవేశపెట్టగా, ఆ వీరునికి తరువాతి దశాబ్దాలలో లెక్కలేనంత మంది తమ్ముళ్ళు పుట్టారు. వారిలో ఒకడు గ్రిగ్నర్. అతనిని సృష్టించినవాడు సెయింట్ లూయీ నగరానికి చెందిన జిమ్ థీస్ అనే పదహారేళ్ళ కుర్రవాడు. 'ది ఐ ఆఫ్ ఆర్గాన్' అనే ఆ కథ 1970లో అక్కడి అభిమాన సంఘంవారి పత్రికలో వెలువడినది. అక్షరదోషాలకు లెక్కలేదు, విశేషణం తోడు లేకుండా ఒక్క నామవాచకం గడప దాటదు. దాని ప్రతులు చేతులు మారి దేశమంతటా ప్రాకినవి. వైజ్ఞానిక కల్పనాసాహిత్య సభలలో అర్ధరాత్రి వేళ గుంపులుగా కూర్చుని, దోషాలను సైతం ఉన్నవి ఉన్నట్లు పలుకుతూ, నవ్వినవారు పక్కవారికి ఇస్తూ చదవడం ఆచారమైపోయినది. చాలాకాలం తిరిగిన ప్రతులకు చివరి పుట లేదు. పేరుమోసిన రచయితలు కావాలని అల్లిన పరిహాసమని కొందరు నమ్మారు కూడా.

పరిహాసం కాదు. రచయిత ఉన్నాడు, వింటున్నాడు. 1984లో లాస్ ఏంజలెస్‌లోని ఒక రేడియో కేంద్రం, తన కార్యక్రమంలో అప్పుడప్పుడు ఆ కథను చదివించి నవ్వించే కేంద్రమే, అతనితో సంభాషణ ప్రసారం చేసింది. జనం నవ్వడం తనకు బాధ కలిగించినదని, ఇక ఎన్నడూ ఏమీ వ్రాయనని అతడు చెప్పాడు. 2002లో, ఏభై ఏళ్ళు నిండకుండానే, కన్నుమూశాడు. తప్పిపోయిన చివరి పుట 2005లో న్యూ మెక్సికోలోని ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో బయటపడింది. ఈ వృత్తిలో ఉన్నవారము కనుక ఆ సంభాషణ సంగతి మమ్మల్ని తరచు వెంటాడుతుంది. మైకుకు అటు కూర్చున్న మనిషి ఆ మాట అన్నప్పుడు, ఇటు కూర్చున్న మనిషి తరువాతి ప్రశ్న ఏమని అడగగలడు?

మా చేతులు శుభ్రంగా ఉన్నాయని చెప్పము. శ్రోతలు పంపే నాటికలు మా బల్లమీదికి కట్టలుగా వస్తాయి. కొన్నేళ్ళ క్రిందట ఒక పల్లెటూరి ఉపాధ్యాయుడు పంపిన పౌరాణిక నాటికను టీ వేళ నలుగురము చేరి బిగ్గరగా చదివాము. రెండవ రంగంలో ఒక సూచన ఉన్నది: ఏనుగు నిశ్శబ్దముగా ప్రవేశించును. రేడియో నాటికలో నిశ్శబ్దంగా ప్రవేశించే ఏనుగు! ఆ పూట ఎవరికీ టీ సరిగా గొంతు దిగలేదు. నవ్వులు తగ్గిన తరువాత నాటికతో వచ్చిన ఉత్తరం చూచాము. సిరా అలుక్కుపోగా మొత్తం మూడుసార్లు తిరగవ్రాశానని, అక్షరాలు వంకరపోతే క్షమించవలసినదని అందులో ఉన్నది. అచ్చు ఫారం పంపి ఊరుకోవలసిన మేము ఆ రోజు కూర్చుని రెండు పుటల జాబు వ్రాశాము. ఏనుగు మెడలో గంట కడితే శ్రోతకు అది కనబడుతుందని కూడా వ్రాశాము. నెల తిరగకుండా నాటిక మళ్ళీ వచ్చింది. ప్రతి రంగంలోను గంట మోగుతూనే ఉన్నది. నాటిక మాత్రం ప్రసారానికి ఒదగలేదు. ఆ మాట మరొక జాబులో, ఈసారి క్లుప్తంగా, తెలిపాము. మూడవసారి ఆయన ఏమీ పంపలేదు.

ఇక ఆ రెండవ కప్పు సంగతి. ఒక ఆదివారం న్యాయవాది మిత్రుడు వార్తాపత్రిక కాగితంతో అట్టవేసిన 200 పేజీల నోటుపుస్తకం ఒకటి తెచ్చి, ఎవరిదో అడగవద్దన్నాడు. బ్యాంకు ఉద్యోగి చదవడం ప్రారంభించాడు. అమావాస్యనాటి పండువెన్నెలలో గోదావరి మీద ఒక లాంచి పోతున్నది; దానిపై ఒక పరిశోధకుడు నిలబడి ఇంగ్లీషులో ఆలోచిస్తున్నాడు. అందరికంటే గట్టిగా నవ్వినది మేమే. రెండవ పుటలో కథానాయిక పేరు వినబడేసరికి నవ్వు గొంతులో ఆగిపోయింది. అది మా మేనత్తగారి పేరు. విద్యార్థి వసతిగృహంలో ఒకే గదిలో ఉన్ననాడు, మా పదిహేడవ ఏట, మేము వ్రాసి పారవేసిన కథను ఆ మహానుభావుడు ఇన్నేళ్ళు పెట్టెలో దాచి ఉంచాడు! ఇంతలో బ్యాంకు ఉద్యోగి నవ్వి ఓడిపోయాడు. నియమం ప్రకారం పుస్తకం మా చేతికి వచ్చింది.

చదివాము. 19 నిమిషాలు. లాంచిలో దీపం ఆరిపోవడం, మూడు కేకలు, నీటిలో ఏదో పడిన చప్పుడు, అన్నీ అచ్చుకు ఎక్కని మా చేవ్రాతలోనే చదివాము. మొదట గది నిండా నవ్వులు. సుమారు పదవ నిమిషం నుండి నవ్వులు పలచబడినవి. మేము మాత్రం గమనించే స్థితిలో లేము. నోటుపుస్తకం హఠాత్తుగా, వాక్యం మధ్యలో, ముగిసినది. దంతవైద్యులు ముందుకు వంగి, ఇంతకూ నీటిలో పడినది ఎవరండీ అన్నారు. అప్పటికి న్యాయవాది గుట్టు విప్పాడు. నలుగురూ మా వైపు తిరిగారు. ఎంత ఆలోచించినా హంతకుడెవరో మాకు జ్ఞాపకం రాలేదు.

సరంగే చంపాడని దంతవైద్యులు, సాక్ష్యం చాలదని న్యాయవాది వాదించుకుంటుండగా పదిన్నర అయినది. గెలిచిన కాఫీ చల్లారిపోతే మళ్ళీ వేడిచేసి తెచ్చారు. చివరి ప్రకరణం వ్రాసి తెస్తే తప్ప సమావేశానికి రానివ్వమని మాకు ఆజ్ఞ అయినది. ప్రతి నెలా ఏదో ఒక సాకు చెప్పి గడప దాటుతున్నాము. మూడు పుటలు అయినవి. సరంగు ఇంకా నోరు విప్పలేదు.