అన్ని మంచులకు ఒక్క జత



మా యింటి వసారాలో, నాగలికిని కావడిబద్దకును నడుమ, దూలమునుండి రెండు పొడవైన పలకలు వ్రేలాడుచున్నవి. వానిని చూచిన వారెల్లరు తెడ్లా యని యడుగుదురు. మా వీధి పెద్ద ఒకరు, "పడవ లేనివానికి తెడ్లెందుకయ్యా?" అని నవ్విరి కూడ. అవి తెడ్లు కావు. మంచుమీద జారుటకు పాదములకు తగిలించుకొను స్కీలు. ఉద్యోగవశమున నేను కాశ్మీరమున ఐదు శీతకాలములు గడిపితిని. నలువది యేండ్లు దాటిన పిమ్మట, సెలవు దినములలో గుల్మార్గు పోయి, పసిపిల్లల నడుమ పడుచు లేచుచు ఈ విద్య నేర్చుకొంటిని. ఇప్పుడు మా యక్కగారి కుమారుడు అక్కడికే ఉద్యోగమునకు పోవుచు, "మామయ్యా, నాకు ఒక్క జత కొనుటకే శక్తి యున్నది. ఏది కొనమందువు?" అని యడిగినాడు. అతనికి చెప్పినదే ఈ సాయంకాలము మీకును విన్నవించెదను. ఒక్క జత యెడ్లతో మాగాణియు మెట్టయు దున్నుకొని, ఆ యెడ్లనే సంతకు బండికి కట్టుకొను రైతునకు ఈ చిక్కు క్రొత్తది కాదు.

మొదట నేల సంగతి చెప్పవలెను. మనకు మంచు అనగా ఒక్కటే మాట. ఆ కొండలలో అది పదిరకములు. గుల్మార్గు సముద్రమట్టమునకు సుమారు 2,650 మీటర్ల యెత్తున నున్న పచ్చికబయలు. దానిపైని అఫర్వాత్ కొండకు, ఇనుపతీగెలపై నడచు పెట్టెలలో కూర్చుండి పోవుదురు. ఈ తీగెదారి మొదటి భాగము 1998లోను, రెండవ భాగము 2005లోను నడువనారంభించెను. పైభాగము మనిషిని సుమారు 3,950 మీటర్ల యెత్తునకు చేర్చును. అక్కడినుండి దిగువకు వచ్చు దారిలో చదును చేసిన బాట కొంతయే. తక్కినదంతయు ప్రకృతి యెట్లు పరచిన నట్లే యుండును. పుష్య మాఘములలో పడమటినుండి వచ్చు మబ్బులు క్రొత్తమంచు కురియును. అది జల్లించిన పిండివలె తేలికగా, మోకాటిలోతున, ఒక్కొక్కప్పుడు నడుములోతున నుండును. రెండు దినములు గడచునప్పటికి అందరు త్రొక్కి జారి, దానిని గట్టి నేలగను గుట్టలుగను చేయుదురు. ఫాల్గుణము వచ్చినచో పగటి యెండకు కరగినది రాత్రి గడ్డకట్టి, ఉదయమున గాజుపలకవలె నిగనిగలాడును. మధ్యాహ్నమునకు అదియే దమ్ము చేసిన మడివలె కాళ్లను పట్టుకొనును. ఒక్కొక్కనాడు ఈ నాలుగును ఒక్క దిగుడులోనే యెదురగును. కొండకొమ్మున పిండి, నడుమ గాజు, దేవదారు చెట్ల నీడలో గుట్టలు, అడుగున బురద.

ఇక పలక. స్కీకి ముక్కు, నడుము, తోక యని మూడు భాగములు. ముక్కును తోకయు వెడల్పుగా నుండి, పాదముక్రింద నడుము సన్నగిల్లును. ఈ నడుము తీర్చుటను లోకమున వ్యాపింపజేసినవారిలో ముఖ్యుడు నార్వేదేశమునందలి టెలిమార్కు సీమలో 1825లో పుట్టిన సోండ్రే నోర్‌హైము అను పేదవాడు. పలకను ఒక ప్రక్కకు ఒరగించి బరువు మోపినచో, వంపుగా నున్న ఉక్కు అంచు మంచును కోసికొనుచు, తనంతట తానే వలయముగా తిరుగును. జారువాడు త్రిప్పుట గాక, పలకయే వానిని త్రిప్పునన్నమాట. ఈ రహస్యము తెలియక నేను మొదటి యేడంతయు భుజములతో పెనగులాడితిని.

నడుము వెడల్పు ఎంత యన్నదియే కొనువాని మొదటి ప్రశ్న. చదును చేసిన గట్టి బాటలకు 65 మొదలు 80 మిల్లీమీటర్ల దాక వాడుదురు. లోతైన పొడిమంచునకు 105 మొదలు 120 వరకు. వెడల్పైన పలక మనిషి బరువును ఎక్కువ మంచుపై పరచును గనుక మునుగదు. అటులైనచో వెడల్పైనదే కొనరాదా యందురు. నేనును అట్లే అనుకొంటిని. దాని ఫలము చెప్పెదను.

రెండవ శీతకాలమున ఒక నగరములోని దుకాణమునకు పోయితిని. ఆ దినమునకు వారము ముందు కొండపై గొప్ప మంచు పడి, నేను నడుములోతున పిట్టవలె తేలియాడియుంటిని. ఆ సంతోషము ఇంకను తలలో నున్నది. దుకాణమువాడు నా మొగమును చూచి, 112 మిల్లీమీటర్ల నడుమును 184 సెంటీమీటర్ల పొడవును గల జతను నాకంటగట్టెను. నేను 168 సెంటీమీటర్ల వాడను. వానిని తప్పుపట్టను, నేను అడిగినదే వాడిచ్చెను. మార్చి నెలలో ఒక ఉదయమున, గాజువలె గడ్డకట్టిన వాలుపైన, ఆ పలకను అంచుమీదికి ఒరగింపబోతిని. సన్నని పలకయందు అంచు పాదము క్రిందనే యుండును. వెడల్పైన పలకయందు పాదము నడుమనుండి దూరముగా నుండును. గట్టి మంచు ఆ దూరమును పిడిగా చేసికొని చీలమండను మోకాటిని వెనుకకు త్రిప్పును. నా బలము చాలలేదు. అంచు పట్టు తప్పినది. ఏబది గజములు వెల్లకిల జారిపోతిని. మోకాలు మెలిదిరిగి ఆరు వారములు మంచము పట్టితిని. మా యింటిది ఒక్క మాటయు అనలేదు. ఆ మౌనమే నాకు ఎక్కువ బాధ కలిగించినది. మరి రెండంగుళములు మెలిదిరిగి యున్నచో ఈనాడు మడిగట్టున నడచువాడను కాను.

ఆ ఆరు వారములలో నాకొక పని దొరకినది. నేను పోయిన ప్రతిదినమును చిన్న పుస్తకమున వ్రాసికొను అలవాటు గలదు. అది తీసి లెక్కించితిని. రెండేండ్లలో ముప్పదియారు దినములు జారితిని. అందు లోతైన పొడిమంచు దొరకినవి ఏడు. తక్కిన యిరువది తొమ్మిదియు త్రొక్కిన మంచో, గాజుమంచో, బురదమంచో. ఐనను నన్నెవరైన గుల్మార్గు ఎట్లున్నదని యడిగినచో ఆ యేడు దినములనే వర్ణించువాడను. కొనుటకు పోయినప్పుడు జ్ఞాపకము ఆ యేడింటికే కొనెను. మోకాలు ఇరువది తొమ్మిదింటికి చెల్లించెను. అందుచేత మా మేనల్లునికి నేను మొదట చెప్పినది స్కీలను గూర్చి కాదు. మొదటి యేడు అద్దె స్కీలతో జారుము, ఏ దినమున ఏ మంచు తగిలినదో వ్రాసికొనుము, వేసవిలో ఆ పుస్తకము ముందు పెట్టుకొని వెడల్పు నిర్ణయించుమని చెప్పితిని.

మరుసటి యేడు నేను కొన్న జతయే ఇప్పుడు వసారాలో నున్నది. నడుము 92 మిల్లీమీటర్లు, పొడవు 172 సెంటీమీటర్లు. సాధారణముగా పొడవు గడ్డమునకును నడినెత్తికిని మధ్య నుండవలెనందురు. నాది నెత్తిని కొంచెము దాటినది. దానికి కారణము కలదు. దీని ముక్కు గోదావరి పడవముక్కువలె చాల వెనుకనుండియే పైకి లేచియుండును గనుక, గట్టి నేలపై మంచును తాకు భాగము పొట్టియే. ఆ లేచిన ముక్కు లోతుమంచున పైకి తేలును. పాదముక్రింద మాత్రము విల్లువలె మధ్య పైకి వంగియున్నది. బరువు మోపినప్పుడు ఆ విల్లు అణగి, అంచును పొడవునను మంచునకు నొక్కిపట్టును. లోపల కొయ్య; దానిపై పలుచని అల్యూమినియపు మిశ్రమలోహపు రేకు. రేకున్న పలక గట్టిమంచుపై వణకదు, కాని బరువు. సన్నని దేహము గలవారు, కొండను కాలినడక నెక్కువారు రేకు లేనిదే కోరుకొందురు. దానిలో తప్పు లేదు.

ఈ జత దేనియందును మొదటిది కాదు. నడుములోతు మంచున వెడల్పు పలకలవాడు నన్ను నవ్వుచు దాటిపోవును. గాజుమంచుపై సన్నపలకవాడు నాకంటె నిబ్బరముగా తిరుగును. రెండింటను నేను ఇంటికి క్షేమముగా వచ్చితిని, నాకది చాలినది. ఇరువదియేండ్ల బలశాలికి చాలకపోవచ్చును.

పలకకు పెట్టు సొమ్ముకంటె ముందు బూటునకు పెట్టవలెను. మడమ కదలని బూటు లేనిచో ఎంత మంచి పలకయైనను మాట వినదు. కాడి వదులైనప్పుడు ఎడ్లు మంచివైన నేమి? బూటును పలకకు బంధించు బైండింగు మరియొక ముఖ్యవస్తువు. పడినప్పుడు అది విడివడి పాదమును వదలవలెను. గట్టిగా బిగించినచో మోకాలు విరుగును, వదులైనచో వాలుమధ్య పలక ఊడిపోవును.

ఒకటి మాత్రము ఏ పలకయు చేయలేదు. మంచుచరియ విరిగిపడినచో తప్పింపలేదు. 2023 ఫిబ్రవరి మొదటి దినమున అఫర్వాత్ వాలుపై చరియ విరిగి పోలండు దేశస్థులిద్దరు మరణించిరి. క్రొత్తమంచు పడిన మరునాడు, ఆ కొండ నెరిగినవారు వద్దన్న వాలునకు పోవలదని మేనల్లునిచేత మా యక్క యెదుట మాట తీసికొంటిని. వెడల్పు స్కీ కొన్నవానికి ఆ లోతుమంచు పిలుపు ఎక్కువగా వినబడును. అదియు నేను సన్ననిదానివైపు మొగ్గుటకు ఒక కారణము. ఈ మాట వానితో అనలేదు. అనినచో వంతునకు వెడల్పుదే కొనును.

ఇంతలో వాడే వేరొక ఉపాయము పన్నినాడు. క్రొత్తది ఏల, వసారాలోనిదే యిమ్మనుచున్నాడు. ఇచ్చుటకు నాకేమియు అభ్యంతరము లేదు. మా గాలి తడికి అంచులు కొంత తుప్పు పట్టినవి. వానిని ఆకురాయితో రాచి, అడుగున మైనము కాచి పూయవలెను. బైండింగుల బిగింపు నా బరువునకును నా వయసునకును పెట్టినది. అక్కడికి చేరిన వెంటనే, తన బూట్ల పొడవునకును తన బరువునకును నిపుణునిచేత మరల సరిచేయించుకొన్న పిమ్మటనే వాలు నెక్కవలెనని, ఒక కాగితముపై వ్రాసి ఆ పలకలకే కట్టి యుంచితిని.