క్రాస్‌మ్యాచ్‌కు అంత సేపెందుకు?

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సికింద్రాబాద్‌లో ఎర్ర రక్తకణం గురించి మాట్లాడుతూ 1897 ఆగస్టు 20ని తలచుకోకుండా ఉండలేం. ఆ రోజు రొనాల్డ్ రాస్ ఇక్కడే దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. 1902లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఆ దోమలు కుట్టింది హుసేన్ ఖాన్ అనే రోగిని. కుట్టిన ఒక్కో దోమకు ఆయనకు ముట్టింది ఒక అణా. మన ఊరి రక్తదాతల జాబితా ఎవరైనా రాస్తే మొదటి పేరు ఆయనదే రాయాలని నా అభిప్రాయం.

మలేరియా క్రిమి కణంలో దూరి, పెరిగి, దాన్ని లోపలి నుంచి పగలగొడుతుంది. ఈ రోజు నేను చెప్పేది కణం బయటి నుంచి పగిలే సంగతి. పగలగొట్టేది క్రిమి కాదు, మనల్ని కాపాడటానికి ఉన్న ప్రోటీన్లే.

రక్తం కోసం వెళ్ళిన మన కార్యకర్తలను రోగి బంధువులు అడిగే ప్రశ్న ఒకటే. "గ్రూపు తెలుసు కదా, సంచీ ఇవ్వడానికి ఆలస్యం దేనికి?"

ఓ గ్రూపు మనిషి రక్తంలో ఏ, బీ కణాలకు విరుద్ధమైన యాంటీబాడీలు ముందే సిద్ధంగా ఉంటాయి. పొరపాటున ఆయనకు ఏ గ్రూపు రక్తం ఎక్కిస్తే అవి వచ్చిన కణాలకు అంటుకుంటాయి. అంతటితో ఆగితే గొడవే లేదు. రక్తంలో కాంప్లిమెంట్ అనే ప్రోటీన్ల దండు ఒకటి నిద్రలో ఉంటుంది. అంటుకున్న యాంటీబాడీ మొదటిదాన్ని లేపుతుంది, అది రెండోదాన్ని, అలా వరసగా. చివర్లో వచ్చే ప్రోటీన్లు కణం పొరలో దిగి, గుండ్రంగా చేరి ఒక రంధ్రం చేస్తాయి. దాని వెడల్పు సుమారు 10 నానోమీటర్లు, అంటే వెంట్రుక మందంలో కొన్ని వేల వంతుల్లో ఒకటి.

సైకిల్ ట్యూబుకు చిల్లు పడితే గాలి బయటికి పోతుంది. ఇక్కడ జరిగేది వేరు. మామూలుగా పొర ఏ లవణాన్ని రానివ్వాలో, దేన్ని పోనివ్వాలో చూసుకుంటుంది. చిల్లు పడ్డాక ఆ కాపలా పోతుంది. పొటాషియం బయటికి, సోడియం లోపలికి పోతాయి. హిమోగ్లోబిన్ మాత్రం పెద్దది, అంత తేలిగ్గా బయటపడలేదు. లోపలే ఉండి నీళ్ళను లాగుతుంది. నానబెట్టిన కిస్మిస్‌లా కణం ఉబ్బుతుంది. కిస్మిస్ ఉబ్బి ఊరుకుంటుంది, కణం పగిలిపోతుంది. కోట్ల కణాలు ఇలా పగిలితే చలి, జ్వరం, నడుము నొప్పి వస్తాయి, మూత్రం నల్లబడుతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. రక్తం ఎక్కించిన మొదటి 15 నిమిషాలు రోగిని దగ్గరుండి గమనించేది ఇందుకే.

"ఓ గ్రూపు అందరికీ పనికొస్తుంది" అన్న మాట కూడా పూర్తిగా నమ్మకండి. 1952లో డాక్టర్ భెండే, ఆయన సహచరులు బొంబాయిలో ఒక కొత్త గ్రూపును గుర్తించారు. మామూలు గ్రూపు పరీక్షలో అది ఓ లాగానే కనిపిస్తుంది. కానీ వాళ్ళకు ఓ రక్తం ఎక్కిస్తే ఆ కణాలూ ఇలాగే పగులుతాయి. మన దేశంలో సుమారు 10,000 మందిలో ఒకరిది ఈ గ్రూపు. రోగి సీరాన్ని దాత కణాలతో కలిపి చూస్తేనే ఈ ప్రమాదం ముందుగా బయటపడుతుంది. దాత సొంత తమ్ముడైనా ఈ పరీక్ష తప్పదు.

నన్ను ఎక్కువగా కలతపెట్టేది థలసీమియా పిల్లల సంగతి. రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కాలి. ఎక్కిన ప్రతిసారీ కొత్త యాంటీబాడీలు పుట్టే అవకాశం ఉంది. అన్నీ చిల్లులు పొడవవు. చాలావరకు కణాలకు అంటుకుని, వాటిని ప్లీహానికి అప్పగిస్తాయి. కిడ్ అనే గ్రూపుకు విరుద్ధమైనవి మాత్రం కాంప్లిమెంట్‌ను లేపగలవు. ఎలాగైనా ఎక్కించిన రక్తం నిలవదు. మొదటిసారి ఎక్కించకముందే బిడ్డ కణాలకు వివరంగా గ్రూపింగ్ చేయిస్తే తగిన రక్తం వెతకడం సులువు. ఎక్కించాక దాత కణాలు కలిసిపోయి లెక్క తారుమారవుతుంది. హైదరాబాద్‌లో థలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ 1998 నుంచి ఈ పిల్లల కోసం పనిచేస్తోంది, వారి అనుభవాన్ని మనం అడిగి తెలుసుకోవచ్చు.

మన బ్యానర్ల మీద మాయిదా సూరా 32వ ఆయత్ ఉంటుంది, ఖర్చు మాత్రం శిబిరానికీ పళ్ళరసాలకూ సర్టిఫికెట్లకూ పోతుంది. ఈ ఏడాది పేద పిల్లల యాంటీబాడీ పరీక్షలకు విడిగా ఒక పద్దు పెట్టాలని కోశాధికారి గారిని కోరుతున్నాను. జకాత్ సొమ్ము వాడవచ్చా, సదఖా నుంచే తీయాలా అన్నది ఉలమాను అడిగి తేల్చుకుందాం.